మెట్లెక్కా... ఫ్లైఓవర్ గెలిచా!

నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని. రోజంతా కుర్చీలోనే. బరువు పెరుగుతున్నానని మూడేళ్ల క్రితం పరుగు మొదలుపెట్టా. నిరుడు ఆగస్టులో హైదరాబాద్ మారథాన్‌లో హాఫ్, అంటే 21.1 కిలోమీటర్లు పరిగెత్తా. రెండు గంటల్లోపు ముగించాలన్నది టార్గెట్. చదును రోడ్డు మీద బాగానే సాగింది. ఫ్లైఓవర్ ఎక్కేసరికి పిక్కలు పట్టేశాయి. ఆ తర్వాత ఎత్తు వచ్చిన ప్రతిచోటా నడకే. చివరికి 2 గంటల 14 నిమిషాలు పట్టింది.

లోపం ఎక్కడుందో తెలిసింది మాత్రం తిరుపతిలో. అమ్మతో కలిసి అలిపిరి దారిలో కొండెక్కా. మొత్తం 3,550 మెట్లు. గాలిగోపురం వరకూ ఎక్కడమంటే మాటలు కాదు. సగం దూరంలోనే నా తొడలు మండిపోయాయి. అమ్మేమో మెట్టు మెట్టుకీ వంగి బొట్టు పెడుతూనే నన్ను దాటేసింది. "అంతంత దూరాలు పరిగెత్తేవాడివి, ఏమైందిరా?" అంటూ నవ్వింది.

తర్వాత ఆలోచిస్తే అర్థమైంది. నా ప్రాక్టీసంతా చదును రోడ్డు మీదే. మెట్టెక్కేటప్పుడు ఒంటి బరువు మొత్తాన్నీ ఒక్క కాలే పైకి లేపాలి. పిరుదులు, తొడల ముందు కండరాలు గట్టిగా పనిచేయాలి. ఫ్లైఓవర్‌కి కావాల్సింది సరిగ్గా ఆ బలమే!

మాది పదంతస్తుల అపార్ట్‌మెంట్. మర్నాటి నుంచే మొదలుపెట్టా. పెద్ద తప్పు కూడా చేశా. ఎక్కినంత స్పీడుగా దిగేశా. దిగేటప్పుడు కండరాలు సాగుతూనే బరువును ఆపాలి, మోకాళ్ల మీదా భారం పడుతుంది. ఫలితం... పది రోజులు పరుగు బంద్.

అప్పట్నుంచి పద్ధతి మార్చా. వారానికి ఒక్కరోజే, బుధవారం. ఆదివారం లాంగ్ రన్‌కి, దీనికి మధ్య గ్యాప్ ఉండాలిగా! ముందు పది నిమిషాలు వార్మప్. తర్వాత కింది నుంచి పైదాకా ఒక్కో మెట్టే ఎక్కుతా. దిగడానికి లిఫ్ట్. అదే నాకు రెస్ట్. మొదట్లో మూడు రౌండ్లు చేసేవాణ్ని, రెండు నెలలకు ఆరయ్యాయి. ఆ తర్వాతే రెండేసి మెట్లు ఎక్కడం మొదలుపెట్టా. పాదం మొత్తం మెట్టు మీద ఆనించాలి, నడుము వంచకూడదు. తడిగా ఉన్నా, లైట్ లేకపోయినా ఆ రోజుకి సెలవే. ఇయర్‌ఫోన్స్ అసలే వద్దు, ఎదురుగా ఎవరొస్తున్నారో వినిపించాలి. రేసుకి రెండు వారాల ముందు మెట్లు ఆపేశా.

ఒక్కమాట. మెట్లు పరుగుకి తోడే కానీ బదులు కాదు. కిలోమీటర్లు తగ్గించొద్దు. మోకాలి నొప్పి ఉంటే ముందు ఫిజియోథెరపిస్టుని కలవండి.

ఈ ఆగస్టులో మళ్లీ అదే రేసు. టైమ్ 2 గంటల 3 నిమిషాలు. టార్గెట్ ఇంకా మూడు నిమిషాల దూరంలోనే ఉంది. కానీ ఒక్క ఫ్లైఓవర్ మీద కూడా నడవలేదు. ఇంటికి ఫోన్ చేసి చెప్తే అమ్మ అంది: "సరే, అయితే ఈసారి కొండకి బ్యాగులు నువ్వే మోయాలి!"