కంచం ఎక్కడ పెట్టారు?

మధ్యాహ్నం పనులన్నీ ముగించుకుని కాస్త నడుం వాల్చే వేళ, ఈవిడెవరు ఇంగ్లీషు వ్యాకరణం మొదలుపెట్టింది అనుకోకండి. నేను చెప్పబోయేది మన ఇంట్లో సంగతే. గిన్నె గట్టు మీద పెట్టడం, మంచం మీద దుప్పటి పరచడం, గడపకు పసుపు రాయడం - ఇవన్నీ మనం రోజూ చేసే పనులే కదా! ఈ పనుల్నే ఇంగ్లీషులో ఎలా చెబుతారో కాస్త చూద్దాం.

అసలు ఈ విషయం నన్నెందుకు పట్టుకుందో ముందు చెప్పాలి. మా అమ్మాయి నాలుగో క్లాసులో ఉండగా ఒకరోజు మొహం వేలాడేసుకుని బడినుంచి వచ్చింది. పుస్తకం తీసి చూస్తే "మదర్ కెప్ట్ ద ప్లేట్ ఆన్ ద టేబుల్" అన్న వాక్యం, అందులో 'కెప్ట్' కింద ఎర్రగీత. ఆ వాక్యం దానికి చెప్పి రాయించింది నేనే. "ఇకనుంచి నాన్నని అడుగుతాలేమ్మా" అంది. పిల్ల మాటే అయినా నాకు గుండెల్లో కలుక్కుమంది. ఆ తప్పు దిద్దుకుంటే సరిపోదు, అదెందుకు తప్పో తెలుసుకోవాలి అనిపించింది.

తెలుసుకున్నాక తేలిందేమిటంటే, చిక్కంతా మన 'పెట్టు', 'ఉంచు' అనే మాటల్లో ఉంది. "కంచం బల్లమీద పెట్టు" అన్నా, "బల్లమీద ఉంచు" అన్నా మనకి ఒకటే. ఇంగ్లీషులో అలా కాదు. చేతిలో ఉన్న వస్తువును ఒకచోటికి చేర్చే పనిని 'పుట్' అంటారు. ఉన్నచోటే ఉండనివ్వడం, ఎప్పుడూ అక్కడే పెట్టుకోవడం 'కీప్'. "ఐ పుట్ ద సాల్ట్ ఆన్ ద షెల్ఫ్" అంటే ఉప్పు అలమరలో పెట్టాననే. "ఐ కీప్ ద సాల్ట్ ఆన్ ద షెల్ఫ్" అంటే మా ఇంట్లో ఉప్పు ఉండే చోటు అది అని. మందుసీసా మీద "కీప్ అవే ఫ్రమ్ చిల్డ్రన్" అని ఉంటుంది, చూశారా? ఒక్కసారి దూరంగా పెడితే చాలదు, ఎప్పుడూ దూరంగానే ఉండాలి. అందుకే అక్కడ 'కీప్'.

మన దేశంలో ఎందరో 'పుట్' అనవలసిన చోట 'కీప్' అంటారు. వినేవాళ్ళకి అర్థమైపోతుంది కూడా. కాబట్టి సిగ్గుపడవలసిందేమీ లేదు. పరీక్ష కాగితం మీద, పై దేశంవాళ్ళతో మాట్లాడేటప్పుడు మాత్రం తేడా తెలిసి ఉండాలి.

'పుట్' తో మరో పేచీ ఉంది. "షీ పుట్ ద ప్లేట్" అని ఆపేస్తే కుదరదు. ఎక్కడ పెట్టిందో కూడా చెప్పాలి. మనకా బాధ లేదు. కాఫీ పెట్టాను, అన్నం పెట్టాను, బొట్టు పెట్టాను - ఒక్క 'పెట్టు' తో సంసారమంతా నడిపేస్తాం! ఇంగ్లీషులో మాత్రం కాఫీకి 'మేక్', అన్నం వడ్డించడానికి 'సర్వ్' కావాలి.

ఇక 'ఆన్' సంగతి. మనం 'మీద' అనుకుని ఊరుకుంటాం. కానీ బల్లకి పైన వేలాడే దీపాన్ని కూడా మనం "బల్ల పైన దీపం" అనేస్తాం. ఇంగ్లీషులో అక్కడ 'ఓవర్' అనో, 'అబవ్' అనో అనాలి. 'ఆన్' అంటే ఆ దీపం బల్లని తాకుతూ ఉన్నట్టు. మరి గోడకున్న పటం? "ఆన్ ద వాల్". కప్పుకి అంటుకున్న బల్లి? "ఆన్ ద సీలింగ్". వేలికున్న ఉంగరం? "ఆన్ ద ఫింగర్". మనం 'కి' అనే చోట కూడా వాళ్ళు 'ఆన్' అంటున్నారు. ఎత్తుతో పని లేదు, ఆనుకుని ఉంటే చాలు. ఆన్ అంటే ఆనుకోవడం అని గుర్తు పెట్టుకోండి. రెండు మాటలకీ చుట్టరికం ఏమీ లేదు గానీ, గుర్తుకి బాగుంటుంది!

మనం కంచంలో అన్నం, ఆకులో అన్నం అంటాం. ఇంగ్లీషులో కంచానికి, ఆకుకి 'ఆన్' వాడతారు, లోతున్న గిన్నెకి 'ఇన్'. కంచం వాళ్ళ దృష్టిలో పరుపులా చదునైనదన్నమాట.

ఇప్పుడు అసలు తమాషా. బిందెలో నీళ్ళు పోశాను, బిందెలో నీళ్ళు నింపాను - మనకి రెండూ సరే. ఇంగ్లీషులో 'పోర్' అంటే నీళ్ళు ఎలా కదిలాయో చెబుతుంది. అందుకని దాని పక్కన నీళ్ళే రావాలి: "ఐ పోర్డ్ వాటర్ ఇంటు ద పాట్". 'ఫిల్' అంటే బిందె ఏమైందో చెబుతుంది. దాని పక్కన బిందే రావాలి: "ఐ ఫిల్డ్ ద పాట్ విత్ వాటర్". "ఐ ఫిల్డ్ వాటర్ ఇన్ ద పాట్" అని మనం అనేది తెలుగు వాక్యానికి ఇంగ్లీషు చీర కట్టడమే. 'కవర్' కూడా ఇంతే. పిల్లాడికి దుప్పటి కప్పాం అంటాం మనం. వాళ్ళు పిల్లాణ్ణి దుప్పటితో కప్పుతారు.

కొన్ని మాటలు మాత్రం రెండు దారులా నడుస్తాయి. పసుపును గడప మీద రాసిందని 'స్మియర్' తో చెప్పవచ్చు, గడపను పసుపుతో రాసిందనీ చెప్పవచ్చు. మొదటిదాంట్లో పసుపు ఓ మూలే అయినా పడి ఉండవచ్చు. రెండోదాంట్లో గడప అంతా పచ్చగా కళకళలాడుతున్నట్టు తోస్తుంది. భాషాశాస్త్రవేత్తలు దీన్ని చాలా లోతుగా పరిశీలించారు. బెత్ లెవిన్ అనే ఆవిడ 1993లో మూడువేలకు పైగా ఇంగ్లీషు క్రియలను జట్లు జట్లుగా విడదీసి ఒక పుస్తకమే వేశారు. అందులో వస్తువులు పెట్టే క్రియలకు వేరే అధ్యాయం ఉంది. మన గట్టు మీద గిన్నె సంగతి అంత తేలికైనది కాదండోయ్!

ఇదంతా పిల్లల మార్కులకోసమే అనుకోకండి. గుండెనొప్పికి వాడే కొన్ని మాత్రలు మింగకూడదు, నాలుక కింద పెట్టుకోవాలి. వాటిమీద "అండర్ ద టంగ్" అని ఉంటుంది. ఇంకొన్నిటిని నాలుక మీద పెట్టుకోవాలి, అవి "ఆన్ ద టంగ్". కొన్ని మందులు కంట్లో వేసేవి, కొన్ని రెప్పమీద రాసేవి. మీద, కింద, లోపల - ఇంట్లో పెద్దవాళ్ళకి మందు ఇచ్చేది మనమే కదా! ఆ చిన్న మాటలు రెండుసార్లు చదవండి. సందేహం వస్తే డాక్టరునో, మందుల షాపువాణ్ణో అడగడానికి మొహమాటపడకండి.

ఇక మా అమ్మాయి సంగతి. ఆ రాత్రి భోజనాల వేళ నేను కంచాలు పెడుతూ "ఐ పుట్ ద ప్లేట్స్ ఆన్ ద టేబుల్" అన్నాను. అది పకపకా నవ్వి, "ఐ పుట్ రైస్ ఆన్ ద ప్లేట్" అని అందుకుంది. వారం పది రోజులు ఇంట్లో అదే ఆట. నాన్నని అడుగుతానన్న మాట మళ్ళీ దాని నోట రాలేదు. ఇప్పుడది ఉద్యోగం చేసుకుంటోంది. మొన్న వచ్చినప్పుడు హడావిడిగా బయల్దేరుతూ "అమ్మా, వేర్ డిడ్ యూ కీప్ మై కీస్?" అని కేకేసింది. ఎర్రగీత పెడదామనుకున్నాను గానీ, నవ్వుకుని తాళాలు చేతికిచ్చాను.

మీరూ ఈ రాత్రి పిల్లలతో ఈ ఆట ఆడి చూడండి. తప్పులొస్తే రానివ్వండి. మన వంటింట్లో ఎర్రసిరా ఉండదు. ఉంటానండీ, సెలవు.