బన్సీలాల్‌పేట మెట్ల బావి: ఆర్కిటెక్ట్ అంటే కట్టడమేనా?

ఆర్కిటెక్ట్ అనగానే కొత్త బిల్డింగ్ గుర్తొస్తుంది కదా. సికింద్రాబాద్ బన్సీలాల్‌పేటలో మాత్రం కట్టడం కంటే తవ్వి తీయడమే పెద్ద పని అయింది. అక్కడి మెట్ల బావి 17వ శతాబ్దం నాటిదని చెప్తారు. ఏళ్ల తరబడి చెత్త, మట్టి పడి పూడిపోయింది. ఆర్కిటెక్ట్ కల్పనా రమేష్ మొదలుపెట్టిన ద రెయిన్‌వాటర్ ప్రాజెక్ట్, జీహెచ్ఎంసీ కలిసి దాన్ని బాగుచేశాయి. 2022 డిసెంబర్‌లో మళ్లీ తెరిచారు.

దాని డిజైన్ చూడండి. మామూలు బావిలో నీళ్లు తగ్గితే చేంతాడు పొడుగు పెంచాలి. మెట్ల బావిలో మనిషే దిగుతాడు. వానాకాలంలో నాలుగు మెట్లు, ఎండాకాలంలో నలభై అనుకోండి. ఎన్ని మెట్లు బయటపడ్డాయో చూస్తే చాలు, భూమిలో నీళ్లు ఎంత కిందికి పోయాయో పేటంతా తెలిసిపోతుంది. మన బోరు ఆ సంగతి చెప్పదు. అది ఎండిపోయాకే తెలుస్తుంది, అప్పుడు ట్యాంకర్‌కి ఫోన్ కొడతాం.

రాళ్లు సరిచేసి లైట్లు పెడితే ఫొటోలు బాగా వస్తాయి, నిజమే. కానీ చుట్టుపక్కల డాబాల మీద పడ్డ వానంతా డ్రైనేజీలోకి పోతే బావిలోకి ఊట ఎక్కడినుంచి వస్తుంది? అందుకే నాకనిపించేది, ఐదేళ్ల బీ.ఆర్క్‌లో ఒక్క ప్రాజెక్ట్ అయినా ఖాళీ స్థలంలో కాకుండా ఇలాంటి పాత పేటలో ఇవ్వాలి. స్టూడెంట్స్ ఇంటింటికీ తిరిగి డాబా పైపు ఎటు పోతుందో చూడాలి. ఇంకుడు గుంత ఎక్కడ పడుతుందో అక్కడివాళ్లని అడిగి, ఆ తర్వాతే ప్లాన్ గీయాలి.