వార్తల్లో పదం: సిమ్ లాక్

డాలస్‌లో ఉన్న కొడుకు పంపిన ఐఫోన్‌లో ఖానాపురం హవేలిలోని తల్లి తన సిమ్ వేస్తే ‘సిమ్ నాట్ సపోర్టెడ్’ అని రావచ్చు. ఫోన్ పాడవలేదు. అమ్మిన టెలికాం కంపెనీ దాన్ని తన నెట్‌వర్క్‌కే కట్టేసింది. అదే సిమ్ లాక్. ఎందుకంటే, అమెరికాలో ‘ఉచితం’ అనే ఫోన్ ధరను చాలాచోట్ల 24 లేదా 36 నెలల బిల్లుల్లో కొంచెం కొంచెంగా మాఫీ చేస్తారు. మధ్యలో మానేస్తే మిగిలిన సొమ్ము మనమే కట్టాలి. 2007లో తొలి ఐఫోన్‌ను అక్కడ ఏటీ అండ్ టీ రెండేళ్ల ఒప్పందంతోనే అమ్మారు.

మనకూ ఇది కొత్త కాదు. 2003లో రిలయన్స్ 501 రూపాయలకే చేతికిచ్చిన సీడీఎంఏ ఫోన్ వేరే నెట్‌వర్క్‌లో పనిచేసేది కాదు. మిగతాది నెలనెలా కట్టాల్సిందే. 2017లో 1,500 రూపాయల డిపాజిట్‌తో వచ్చిన జియోఫోన్ కూడా జియో సిమ్‌కే పరిమితం. నంబరు మారకుండా కంపెనీ మారే సదుపాయం 2011 జనవరి 20న దేశమంతటా వచ్చింది. కానీ లాక్ పడిన ఫోన్ ఉన్నవారికి అది సగం హక్కే. భద్రాచలం వైపు అడవి పల్లెలో ఒక్క కంపెనీ సిగ్నలే అందేచోట ఈ లాక్ మరీ అన్యాయం.

పాత ఐఫోన్ కొనేముందు సెట్టింగ్స్‌లో జనరల్, అందులో అబౌట్ తెరవండి. ‘క్యారియర్ లాక్’ దగ్గర ‘నో సిమ్ రిస్ట్రిక్షన్స్’ అని ఉంటేనే డబ్బివ్వండి. లేదంటే, బాకీ తీర్చి అన్‌లాక్ చేయించమని అమ్మేవారినే అడగండి.