కెన్యా రైలు అప్పు తీరుస్తున్నదెవరు?

కెన్యాలో మొంబాసా రేవు నుంచి రాజధాని నైరోబీకి 2017లో కొత్త రైలు మార్గం తెరిచారు. కట్టింది చైనా కంపెనీ. సుమారు 320 కోట్ల డాలర్ల అప్పు ఇచ్చింది చైనా ఎగ్జిమ్ బ్యాంకు (విదేశీ వ్యాపారానికి, ప్రాజెక్టులకు రుణాలిచ్చే ప్రభుత్వ బ్యాంకు). ఈ రైల్వే కోసం తెచ్చిన మూడు డాలరు రుణాలను కెన్యా 2025లో చైనా కరెన్సీ యువాన్లలోకి మార్చుకుంది. దీంతో ఏటా 21.5 కోట్ల డాలర్లు మిగులుతాయని ప్రభుత్వం చెప్పింది. ఉత్త కరెన్సీ మారిస్తే అంత మిగలడమేమిటి?

మొదటి అప్పులో సగం రాయితీ రుణం, వడ్డీ 2 శాతం. మిగతా సగానికి వడ్డీ లైబార్ (లండన్ బ్యాంకులు పరస్పరం అప్పిచ్చుకునే రేటు) మీద మరో 3.6 శాతం. సంతకాలు పెట్టిన 2014లో లైబార్ అర శాతం కూడా లేదు. 2023కల్లా డాలరు వడ్డీలు 5 శాతం దాటాయి. కెన్యా కరెన్సీ షిల్లింగు కూడా పడిపోయింది. 2017లో సుమారు 103 షిల్లింగులకు దొరికిన డాలరు 2024 జనవరిలో 160 అయింది. రైలుకు వచ్చేది షిల్లింగులు, కట్టాల్సింది డాలర్లు. చైనాలో ఇప్పుడు వడ్డీలు తక్కువ. మిగులుకు అదొక కారణం.

అప్పు కట్టకపోతే మొంబాసా రేవును చైనా లాక్కుంటుందని చాలాకాలం ప్రచారం జరిగింది. అలా జరగలేదు. నా దృష్టిలో అసలు చూడాల్సింది అది కాదు. రైలుకు ఇంత సరుకు ఇస్తామని రేవు సంస్థ ఒప్పందం రాసిచ్చింది. అది నెరవేర్చడానికి ప్రభుత్వం కంటైనర్లను బలవంతంగా రైలెక్కించింది. లారీల వాళ్ల కడుపు మండింది. 2022లో గద్దెనెక్కగానే అధ్యక్షుడు రూటో ఆ ఆదేశాన్ని ఎత్తేశారు.

రైలు సంపాదన కిస్తీలకు చాలదు. అందుకు వేరే దారి ఉంది: 2013లో దిగుమతుల మీద 1.5 శాతంతో మొదలైన రైల్వే అభివృద్ధి సుంకం. వ్యాపారి దాన్ని ధరలో కలిపేస్తాడు. పట్టాలు 2019లో నైవాషా ప్రాంతంలోనే ఆగిపోయాయి. పడమటి కొసన ఉన్న కిసుములో విదేశీ ఫోను కొన్నవాడు మాత్రం రైలు మొహం చూడకుండానే దాని బాకీ తీరుస్తున్నాడు. ఇక కిసుము దాకా పొడిగింపుకు ఆ సుంకం రాబడినే ముందుగా హామీ పెట్టి డబ్బు తేవాలన్నది ప్రభుత్వ ఆలోచన.