తెరపై అక్షరము: నునుపు మేలా? పదును మేలా?

శ్రోతల లేఖలకు సమాధానములు చెప్పు కార్యక్రమములో మేము ఒకమారు ఒక గ్రామము పేరును తప్పుగా చదివితిమి. వారము తిరుగకముందే ఆ ఊరినుండి ఒక కార్డు వచ్చినది. "మా ఊరి పేరులో ఒక వత్తు కలదు. తాతముత్తాతల నాటినుండి దానిని మేము పలుకుచునే యున్నాము. మీరు దానిని మ్రింగివేసితిరి" అని అందులో వ్రాసియుండిరి. వెంటనే అసలు ప్రతిని తెప్పించి చూచితిమి. లేఖ వ్రాసినవారు వత్తును చక్కగానే వ్రాసిరి. టైపుచేసినవారును దానిని విడువలేదు. కాని మేము చదివినది కాగితముమీద కాదు. స్టూడియోలోని కంప్యూటరు తెరమీద. ఆ తెరపై డకారమునకును ఢకారమునకును గల భేదము అడుగున నున్న ఒక్క చిన్న గీత. ఆ గీత మా కంటికి ఆనలేదు.

ఈ తప్పిదమే ఈ ప్రసంగమునకు కారణము. నేడు పిల్లల పాఠములు, పింఛను దరఖాస్తులు, దినపత్రికలు, దూరదేశముననున్న బిడ్డల ఉత్తరములు, అన్నియు తెరమీదనే చదువవలసి వచ్చుచున్నవి. కంప్యూటరులో అక్షరముల అంచులను నునుపుచేయు ఏర్పాటు ఒకటి కలదు. దానివలన చదువుట సులభమగునని కొందరందురు. అక్షరము మసకబారి కన్ను అలసిపోవునని మరికొందరందురు. ఇందులో నిజమెంతయో విచారింతము.

ముందుగా తెర అక్షరమును ఎట్లు చిత్రించునో చూతము. బడిపిల్లలు లెక్కలకు వాడు గళ్లకాగితమును తలచుకొనుడు. దానిమీద ఒక సున్నను చుట్టవలెను. కాని గీత గీయరాదు. ఒక్కొక్క గడిని నల్లగా నింపుటయో, తెల్లగా విడుచుటయో మాత్రమే చేయవలెను. గళ్లు మిక్కిలి సన్ననివైనచో సున్న గుండ్రముగనే కనబడును. పెద్దవైనచో దాని అంచు మెట్లమెట్లుగా తేలును. నేటి పలకతెర ఇట్టి గళ్లకాగితమే. ఒక్కొక్క గడికి పిక్సెలు అని పేరు. 24 అంగుళముల సామాన్యమైన తెరలో అడ్డముగా 1920, నిలువుగా 1080 గళ్లు ఉండును. అనగా అంగుళమునకు సుమారు 92. లేజరు అచ్చుయంత్రమైనచో అంగుళమునకు 600 చుక్కలు పెట్టగలదు. 12 పాయింట్ల అక్షరమునకు కాగితముమీద నిలువున 100 చుక్కల చోటు దొరకగా, తెరమీద దొరకునవి 15 గళ్లు మాత్రమే. తలకట్టు, గుడి, అక్షరపు ఒడలు, క్రింది వత్తు, ఇవన్నియు ఆ పదునైదు వరుసలలోనే ఒదుగవలెను.

ఈ మెట్లు కంటికి తెలియునా? తెలియును. పై తెరలో ఒక గడి వెడల్పు సుమారు 0.28 మిల్లీమీటరు. ఆరోగ్యమైన కన్ను 60 సెంటీమీటర్ల దూరమునుండి సుమారు 0.17 మిల్లీమీటరు ఎడమును సైతము వేరుపరచి చూడగలదు. కంటి సూక్ష్మతకంటె గడి పెద్దది. కావుననే అక్షరపు అంచు రంపపుపండ్లవలె కానవచ్చును. పాతకాలపు పెట్టెవంటి తెరలలో ఈ బాధ ఇంతగా లేదు. అందు ఎలక్ట్రానుల ధార పడినచోట వెలుగుచుక్క ఏర్పడెడిది. ఆ చుక్క అంచు సహజముగనే మెత్తనిది. పలకతెరలోని గడి అట్లు గాక, నాలుగు వైపుల కత్తిరించినట్లుండును. తెర మెరుగుపడినకొలదియు అక్షరముల మెట్లు బయటపడుట చిత్రమే కదా.

దీనికి కనుగొన్న మొదటి ఉపాయము బూడిదవన్నె. అక్షరపు వంపు ఒక గడిలో సగము మాత్రమే ఆక్రమించినచో ఆ గడిని పూర్తిగా నలుపుచేయక, సగము నలుపుగా నుంచుదురు. పావువంతు ఆక్రమించినచో పావు నలుపు. దూరమునుండి చూచునప్పుడు కన్ను ఈ ఛాయలను కలిపివేసి నునుపైన వంపుగా గ్రహించును. పోచంపల్లి చీరను చూచినవారికి ఇది సులభముగా బోధపడును. అందలి బొమ్మలకు ఆధారము గళ్లే. అయినను రంగు అంచులందు ఒకదానిలో నొకటి కొంచెము ఒరసికొనుటచేత చూపునకు కరకుదనము తోపదు.

రెండవ ఉపాయము మరికొంత సూక్ష్మమైనది. రంగులను చూపు పలకతెరలో ప్రతి గడియందును మూడు నిలువు పట్టీలుండును: ఎరుపు, ఆకుపచ్చ, నీలము. మూడును సమముగా వెలిగినచో తెలుపు. ఈ పట్టీలను వేరువేరుగా ఉపయోగించినచో అడ్డముగా గళ్లు మూడింతలైనట్లే పనిచేయును. అక్షరపు అంచును గడిలో మూడవవంతు దాక జరుపవచ్చును. అంచులందు రంగులు తేలకుండ ప్రక్క పట్టీలకు కొంత వెలుగును పంచుదురు. ఈ పద్ధతిని క్లియర్‌టైపు అను పేరుతో మైక్రోసాఫ్ట్ సంస్థ 1998 నవంబరులో ప్రకటించినది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో దీనిని చేర్చిరి; కాని కావలసినవారు తామే దానిని తెరచుకొనవలసియుండెను. 2007లో వచ్చిన విస్టానుండి అది మొదటినుండియే పనిచేయసాగినది.

ఇక ఫలితమేమి? 2006లో ప్రకటింపబడిన ఒక అమెరికా పరిశోధనలో పాతికమంది పాఠకులు క్లియర్‌టైపు అక్షరములను నునుపులేని అక్షరములకంటె వేగముగా చదివిరి. అయితే తప్పులలోగాని, కంటి అలసటలోగాని భేదము కనబడలేదు. 2008లో వెలువడిన మరియొక పరిశోధనలో క్లియర్‌టైపును చక్కగా తీర్చిన బూడిదవన్నె అక్షరములతో పోల్చిరి. అందు వేగములోగాని, సౌకర్యములోగాని క్లియర్‌టైపు మిన్న కాలేదు. కాని చదువరులు మితమైన క్లియర్‌టైపునే ఇష్టపడిరి. ఈ రెండు ఫలితములు పరస్పర విరుద్ధములని భ్రమపడరాదు. మెట్ల అక్షరముకంటె నునుపు అక్షరము మేలు. నునుపుచేయు పద్ధతులలో ఏది గొప్పది యను వాదము మాత్రము కన్నునుబట్టియు, తెరనుబట్టియు మారును. నునుపు హెచ్చినకొలది సన్నని గీతలు పాలిపోవును. నలుపు తెలుపుల ఎడము తగ్గును. మసకగా నున్నదని ఫిర్యాదు చేయువారు చెప్పునది ఇదియే. వారి మాటలోను సత్యము కలదు.

అయితే పై పరీక్షలు ఆంగ్లాక్షరములతో జరిగినవి. మన లిపి సంగతి వేరు. ఆంగ్లములో ఐ, ఎల్, ఎన్, హెచ్ వంటి అక్షరములకు నిలువు గీతలే ప్రాణము. నిలువు గీతను గళ్ల వరుసలో సరిగా నిలిపినచో నునుపు లేకయే అది పదునుగా నిలుచును. ఆ లిపికి గళ్లకాగితము కొంతవరకు అనుకూలమే. తెలుగులో తలకట్టు మొదలు వత్తు దాక అన్నియు వంపులే. ఏ వంపును గళ్లలో ఒదుగదు. పైగా అక్షరము క్రింద అక్షరము వ్రాయుట మన సంప్రదాయము. అందుచేత నునుపు ఆంగ్లమునకు సొగసు కావచ్చును. చిన్న పరిమాణములోని తెలుగునకు అది అవసరము.

ఇచ్చట ఇంకొక చిక్కు కలదు. మూడు పట్టీలు నిలువుగా నున్నవి కనుక మొదటినాటి క్లియర్‌టైపు అడ్డముగా మాత్రమే నునుపుచేయగలిగెడిది. పైనుండి క్రిందికి గళ్లు ఎప్పటివలెనే ఉండెడివి. వంపు శిఖరమునను, అడుగునను మెట్లు నిలిచిపోయెడివి. మన తలకట్టు ఉండునది పైన. వత్తు ఉండునది క్రింద. అనగా సహాయము ఎక్కువగా కావలసిన చోటనే అది అందలేదు. 2009లో విండోస్ 7తో వచ్చిన డైరెక్ట్‌రైట్ అను క్రొత్త ఏర్పాటులో నిలువున గూడ నునుపుచేయు వీలు కలిగినది. మన లిపికి ఇది సామాన్యమైన మేలు కాదు.

పాఠకులు ఇంటిలోనే ఒక పరీక్ష చేసికొనవచ్చును. కంప్యూటరులో "అర్థము", "అర్ధము" అని రెండు మాటలను ప్రక్కప్రక్కన టైపుచేయుడు. ఒకటి మాటకు భావము, రెండవది సగము. వీని భేదమంతయు రకారము క్రింది వత్తులోని ఒక చుక్క. అక్షరములను మిక్కిలి చిన్నవిగా చేసి, చేయిచాపు దూరమున కూర్చుండి చూడుడు. నునుపును ఆపినచో ఆ చుక్క మాయమగుటయో, వత్తుతో కలిసి నల్లని ముద్దయగుటయో సంభవించును. నునుపు నుంచినచో అచ్చట ఏదో కలదని ఛాయ చెప్పును. కాని స్పష్టముగా చెప్పదు. ఇప్పుడు అక్షరములను ఒకటిన్నర రెట్లు పెంచుడు. రెండు మాటలును సందేహము లేకుండ వేరుపడును. నునుపు గళ్లను దాచగలదు. లేని గళ్లను సృష్టింపజాలదు. అక్షరమునకు చోటు చాలనప్పుడు చోటు నిచ్చుటయే అసలు వైద్యము.

గళ్లు సన్నబడినకొలది ఈ చర్చ తనంతట తానే సన్నగిల్లుచున్నది. 2010లో వచ్చిన ఐఫోన్ 4లో అంగుళమునకు 326 గళ్లుండెను. 2012లో 220 గళ్ల తెరతో మాక్‌బుక్ ప్రో వచ్చినది. 220 గళ్ల తెరలో ఒక గడి 0.12 మిల్లీమీటరునకు లోబడియుండును. 60 సెంటీమీటర్లనుండి కన్ను దానిని వేరుపరచలేదు. ఆపిల్ సంస్థ 2018లో తన మాక్ కంప్యూటర్లలో మూడు పట్టీల పద్ధతిని మామూలు ఏర్పాటునుండి తొలగించి, బూడిదవన్నెతోనే సరిపెట్టుకొన్నది. అయినను కార్యాలయములలోను, బడులలోను, సామాన్య గృహములలోను 92 గళ్ల తెరలు ఇప్పటికిని విస్తారముగా నున్నవి. వానిని వాడువారికి ఈ సంగతులు పనికివచ్చును.

కాబట్టి ఆచరణకు నాలుగు మాటలు. మొదటిది, తెరకు సహజముగా ఎన్ని గళ్లు కలవో కంప్యూటరు అన్నింటినే వాడుచున్నదా యని చూచుకొనవలెను. అట్లు కానిచో ఏ నునుపును మసకను పోగొట్టలేదు. రెండవది, నునుపును తెరచియుంచి, విండోస్‌లోనే గల సవరణ పలక ద్వారా తమ కంటికి నచ్చిన మోతాదును తామే ఎన్నుకొనవలెను. ఒకరికి నచ్చినది మరియొకరికి నచ్చవలెనని లేదు. మూడవది, తెరను నిలువుగా త్రిప్పి వాడువారికి పట్టీలు అడ్డమగును. వారికి బూడిదవన్నెయే మేలు. నాలుగవది, అన్నింటికంటె ముఖ్యమైనది, తెలుగు అక్షరములను ఆంగ్లముకంటె ఒక మెట్టు పెద్దవిగా నుంచి, పంక్తుల నడుమ వత్తులకు చాలినంత ఎడమీయవలెను. నలుబది యేండ్లు దాటిన మా వంటివారికి ఇది మరింత అవసరము.

మా స్టూడియో తెరమీద ఇప్పుడు నునుపును తెరచితిమి, అక్షరములను పెంచితిమి. ఒక పుటలో పట్టు పంక్తులు తగ్గినవి. పుటలు త్రిప్పు పని పెరిగినది. అది పెద్ద నష్టము కాదు. మరుసటి వారము ఆ గ్రామము పేరును వత్తుతో సహా చదివి, ఆ ఊరివారికి క్షమాపణ చెప్పుకొంటిమి.