తలుపు మూసి ఏం మాట్లాడుకుంటారు?

తాగుడు మానాలనుకునే వాళ్లకు ఒక సంఘం ఉంది. దాని పేరు ఆల్కహాలిక్స్ అనానిమస్. పొడుగు పేరు. అందుకే అందరూ ఏ.ఏ. అంటారు. అనానిమస్ అంటే పేరు బయటపెట్టని వాళ్లు అని అర్థం. చాలా దేశాల్లో ఈ సంఘం ఉంది. మన హైదరాబాదులో కూడా మీటింగులు జరుగుతాయి.

ఇంటాయన ఆ మీటింగుకు పోతుంటే ఇల్లాలికి ఒక పక్క సంతోషం, ఒక పక్క అనుమానం. అక్కడ ఇంటిపేరు చెప్పరట. విన్నది బయట చెప్పకూడదట. దేవుడి మాట కూడా ఎత్తుతారట. ఇదేమన్నా రహస్య సంఘమా? మనిషిని మాయచేసి లాక్కునే మఠమా? ఇలా అడగడం తప్పు కాదు. అడగవలసిందే.

ఈ సంఘం 1935లో అమెరికాలోని ఏక్రన్ అనే ఊళ్లో పుట్టింది. బిల్ అనే ఆయన షేర్ల వ్యాపారి. తాగి తాగి చెడిపోయి, కొన్ని నెలల ముందే మానేశాడు. వ్యాపారం పని మీద ఆ ఊరు వచ్చాడు. పని చెడింది. మళ్లీ తాగాలని మనసు లాగింది. ఇంకొక తాగుబోతుతో మాట్లాడితే తన మనసు నిలబడుతుందని వెతికాడు. బాబ్ అనే డాక్టరు దొరికాడు. ఆయనా తాగుబోతే. బిల్ ఆయనకు నీతులు చెప్పలేదు. నేను ఇట్లా చెడ్డాను అని తన కథ చెప్పాడు. గంటల తరబడి మాట్లాడుకున్నారు. ఈనాటికీ మీటింగులో జరిగేది ఇదే. ఒకరు చెబుతారు, మిగతావాళ్లు వింటారు.

మరి పేరు ఎందుకు దాస్తారు? తాగుబోతు అని తెలిస్తే ఉద్యోగం పోతుంది. మన దగ్గరైతే కూతురి సంబంధం కూడా చెడుతుంది. ఆ భయంతో రానివాళ్లు రావాలని ఈ ఏర్పాటు. ఇంకో కారణం కూడా ఉంది. పేరు లేకపోతే పెద్దమనిషి అయ్యే దారి ఉండదు.

రహస్య సంఘం తన నియమాలను దాస్తుంది. ఏ.ఏ. నియమాలు పుస్తకంలో అచ్చయ్యాయి, ఎవరైనా కొని చదవచ్చు. కొన్ని మీటింగులు తాగుడు సమస్య ఉన్నవాళ్లకే. కొన్ని మీటింగులకు ఎవరైనా వెళ్లవచ్చు, భార్య కూడా. అంటే గుట్టు మనుషులది, సంఘానిది కాదు. ఫీజు లేదు. ఇష్టమైనవాళ్లు తలా కొంత వేస్తారు. బయటివాళ్ల చందా తీసుకోరు.

నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు 1992లో సారా మీద లేచినప్పుడు వీధిలోకి వచ్చారు. ఊరంతా చూసేట్టు సారా ఆపించారు. ఇక్కడ దారి పూర్తిగా వేరు.

అయితే ఇలాంటి సంఘం మఠంగా మారదా? మారింది కూడా. అమెరికాలోనే 1958లో సినానన్ అనే సంఘం మొదలైంది. మొదలుపెట్టిన చార్లెస్ డెడరిచ్ ఒకప్పుడు ఏ.ఏ.లో తాగుడు మానిన మనిషే. మత్తుమందులకు బానిసలైన వాళ్లను మాన్పిస్తున్నాడని పత్రికలు మెచ్చుకున్నాయి. తర్వాత, బాగైనా సరే, ఇక్కడే బతకాలి అన్నాడు. ఆడవాళ్లు కూడా గుండ్లు చేయించుకున్నారు. 1977లో భార్యాభర్తలను విడిపోయి వేరేవాళ్లతో జత కట్టమన్నారు. 1978లో, సినానన్ మీద కోర్టులో వాదించిన లాయరు ఇంటి ఉత్తరాల పెట్టెలో విషపు పామును పెట్టారు. అది కాటేసింది. ఆయన ఎలాగో బతికాడు. 1991లో ఆ సంఘం మూతపడింది.

తేడా చూడండి. సినానన్‌లో ఒకడి మాటే చట్టం. ఇల్లు, డబ్బు, పెళ్లాం, పిల్లలు అన్నీ ఆ సంఘం చేతిలోకి పోయాయి. బయటికి పోయే దారి మూశారు. ఏ.ఏ.లో గురువు లేడు. మనిషి సాయంత్రానికి ఇంటికి వస్తాడు. మానేస్తానంటే ఎవరూ ఆపరు.

అట్లాగని ఏ.ఏ.లో లోపాలు లేవా? ఉన్నాయి. దేవుడి మాట కొందరికి నచ్చదు. ఖైదీలను ఈ మీటింగులకు బలవంతంగా పంపడం తప్పని అమెరికా కోర్టులు 1996లో తీర్పు ఇచ్చాయి. ఇది వదిలితే చస్తావు అని బెదిరించే పాతవాళ్లు కొన్ని చోట్ల ఉంటారు. కొత్తగా వచ్చిన ఆడవాళ్ల మీద కన్నేసే మగవాళ్లూ ఉన్నారు. అందుకే కొన్ని చోట్ల ఆడవాళ్లకు వేరే మీటింగులు పెట్టుకున్నారు.

ఫలితం ఉందా? 2020లో పరిశోధకులు 27 అధ్యయనాలను కలిపి చూశారు. అందులో 10 వేల మందికి పైగా ఉన్నారు. పూర్తిగా మానడంలో ఈ పద్ధతి మిగతా చికిత్సలకు తీసిపోదని తేలింది. కానీ ఇది డాక్టరుకు బదులు కాదు. రోజూ బాగా తాగే మనిషి ఒక్కసారిగా మానితే చేతులు వణుకుతాయి, ఫిట్స్ రావచ్చు, ప్రాణం కూడా పోవచ్చు. ముందు ఆస్పత్రిలో చూపించాలి. మందులు మానెయ్యి అని ఏ సంఘం చెప్పినా వినకూడదు.

ఇంటివాళ్లకు కూడా ఒక సంఘం ఉంది. పేరు ఆల్-అనాన్. బిల్ భార్య లోయిస్, ఇంకొక ఆమె కలిసి 1951లో పెట్టారు. మొగుడు తాగుడు మానినా, మానకపోయినా ఆమె అక్కడికి వెళ్లవచ్చు. తన గోడు చెప్పుకోవచ్చు. ఆమె ఏం చెప్పిందో అక్కడివాళ్లు మొగుడికి చెప్పరు.