సింఫనీ ఆఫ్ ది నైట్: బాణం గుర్తు చూపించని ఈ గేమ్ ఇప్పుడు ఆడొచ్చా?

ఈరోజుల్లో ఏ గేమ్ ఓపెన్ చేసినా స్క్రీన్ మీద బాణం గుర్తు రెడీగా ఉంటుంది: ఇటు వెళ్లు, ఇది నొక్కు అని. 1997లో ప్లేస్టేషన్‌కి కొనామీ తెచ్చిన 'క్యాసిల్వేనియా: సింఫనీ ఆఫ్ ది నైట్' అలా చెప్పదు. డ్రాక్యులా కొడుకు అలుకార్డ్‌ని కోటలోకి పంపి, కాసేపట్లోనే మంచి కత్తి, కవచం అన్నీ లాగేసుకుని వదిలేస్తుంది.

ఇక దారి మనమే వెతుక్కోవాలి. ఎత్తైన గట్టు అందదు. లీప్ స్టోన్ దొరికాక గాల్లో ఇంకో జంప్ పడుతుంది. ఊచల తలుపు అడ్డమొస్తుంది. పొగమంచుగా మారే శక్తి వచ్చాక దూరిపోవచ్చు. అందుకే దాటలేకపోయిన ప్రతి చోటూ బుర్రలో ఉండిపోతుంది. మా విజయనగరంలో దారి అడిగితే మూడు లాంతర్లు, గంటస్తంభం అని గుర్తులు చెప్తారు, నాలుగుసార్లు తిరిగితే ఊరు అదే వచ్చేస్తుంది. ఈ కోట కూడా అంతే. హాలో నైట్ ఆడినవాళ్లకి ఇది తెలిసిన రుచే.

అసలు మెలిక రిక్టర్‌తో ఫైట్‌లో ఉంది. (స్పాయిలరే, కానీ గేమ్‌కి పాతికేళ్లు దాటేశాయి!) హోలీ గ్లాసెస్ పెట్టుకోకుండా అతన్ని చంపేస్తే క్రెడిట్స్ పడిపోతాయి. పెట్టుకుని, అతన్ని ఆడిస్తున్న గోళాన్ని కొడితే తలకిందుల కోట తెరుచుకుంటుంది. మ్యాప్ 200.6 శాతం దాకా వెళ్తుంది మరి!

2020లో ఆండ్రాయిడ్, ఐఓఎస్‌లకి వచ్చింది, కంటిన్యూ ఆప్షన్ కూడా కొత్తగా ఇచ్చారు. టచ్ బటన్లతో మాత్రం చిరాకే. శత్రువు సరిగ్గా బొటనవేలి కిందే ఉంటాడు. బ్లూటూత్ కంట్రోలర్ ఉంటే కొనేయండి. లేకపోతే ముందు కంట్రోలర్ కొనండి.